ద్రాక్ష పందిరి వేసుకోండి, రసం అమ్ముకోండి... వైన్ దగ్గర మాత్రం ఆగండి

(పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, పెరట్లో పండ్లతోట పెంచే రైతులకు, చిన్న ఆహార పరిశ్రమ పెట్టాలనుకునే యువతకు సమాచారం. మీ గ్రూపుల్లో పంచుకోవచ్చు.)

పోయిన డిసెంబరు మొదటి వారంలో అత్తిలి మండలం నుంచి ఒక పొదుపు సంఘం లీడరు ఫోన్ చేశారు. "సార్, మా సంఘంలో పది మందిమండి. క్రిస్మస్‌కి ఇంట్లోనే ద్రాక్ష వైన్ చేసి అమ్ముదామనుకుంటున్నామండి. జాడీ, పంచదార, ఈస్ట్ ఉంటే చాలని యూట్యూబ్‌లో చూశాం. దీనికి గవర్నమెంటు సబ్సిడీ ఏదైనా ఉందా అండీ?"

"అమ్మా, ఇంకా మొదలుపెట్టలేదు కదా?" అని అడిగాను.

"లేదండి. కాయ మాత్రం ఇరవై కిలోలు కొనేశాం."

ఆ ఫోన్ తర్వాత ఇదే ప్రశ్న ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగారు. అందుకే ఈ పీడీఎఫ్. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ తయారుచేయడం నేరం. దానికి సబ్సిడీ ఏ పథకంలోనూ రాదు. అదే ద్రాక్షతో పులియని రసం, స్క్వాష్ చేసి అమ్మితే చట్టం అడ్డురాదు, పథకం కూడా ఉంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న గీత చాలా సన్నం. ఆ గీత ఎక్కడుందో తెలియకపోతే రసం అనుకుని పెట్టిన సీసా కూడా మిమ్మల్ని ఇబ్బందిలో పడేస్తుంది.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఉద్యోగంలోకి రాకముందు విలేకరిగా పనిచేసేటప్పుడు 'ఇంట్లోనే వైన్' అని నేనే ఒక ఫీచర్ రాశాను. తయారీ మొత్తం రాశాను కానీ చట్టం గురించి ఒక్క ముక్క రాయలేదు. అప్పుడు నాకూ తెలియదు. ఎవరైనా చదివి చేశారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

■ చట్టం ఏం చెబుతోంది?

ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది. దాని ప్రకారం మద్యం అంటే బ్రాందీ, విస్కీలే కాదు. వైన్, బీరు, కల్లు కూడా మద్యమే. లైసెన్సు లేకుండా తయారుచేయడం, దగ్గర ఉంచుకోవడం, రవాణా చేయడం, అమ్మడం అన్నీ శిక్షకు తగిన నేరాలు. ఈ నేరాలకు శిక్షలు చెప్పే 34వ సెక్షన్ పేరు మీరు పేపర్లో సారా కేసుల వార్తల్లో చూసే ఉంటారు.

"అమ్మడానికి కాదండి, ఇంట్లో తాగడానికే" అన్నా కుదరదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇంట్లో వైన్ చేసి ఫొటోలు పెడుతుంటారు. అక్కడి ఫెడరల్ చట్టం ఇంటి వాడకానికి, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు ఒప్పుకుంటుంది. అక్కడ కూడా అమ్మకూడదు. మన దగ్గర ఆ ఇంటి మినహాయింపు లేదు. వీడియో తీసినవాళ్లు ఏ దేశంలో, ఏ రాష్ట్రంలో ఉన్నారో చూడకుండా దాన్ని అనుసరించొద్దు.

పెద్ద ఎత్తున వైనరీ పెట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎక్సైజ్ శాఖ లైసెన్సు, పన్నులు, తనిఖీలు ఉంటాయి. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ప్రత్యేక విధానాలు తెచ్చాయి కాబట్టే నాసిక్, నంది కొండల చుట్టూ వైన్ ద్రాక్ష తోటలు పెరిగాయి. వాళ్లది ఎకరాల లెక్క, కోట్ల పెట్టుబడి. మనం మాట్లాడుకుంటున్నది పది మంది ఆడవాళ్లు, ఒక గ్యాస్ పొయ్యి, ఇరవై కిలోల కాయ.

ఈ విషయంలో మన రాష్ట్రం ఎందుకింత గట్టిగా ఉంటుందో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. మన పొదుపు సంఘాల్లో చాలావాటి పుట్టుక కూడా ఆ రోజులదే. అలాంటి సంఘం పేరు మీద మద్యం కేసు నమోదైతే ఎలా ఉంటుందో ఆలోచించండి. బ్యాంకు లింకేజీ దగ్గర అడుగుతారు, ఊళ్లో అడుగుతారు.

"మరి మందుల షాపులో ద్రాక్షారిష్టం అమ్ముతున్నారుగా?" అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే. ద్రాక్షారిష్టం పులియబెట్టి చేసేదే, అందులో ఆల్కహాల్ ఉంటుంది కూడా. కానీ అది ఆయుర్వేద మందు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద తయారీ లైసెన్సు తీసుకున్న ఫార్మసీలే చేయాలి. పేరు మార్చి మనం చేసేయడానికి లేదు.

■ రసం ఎప్పుడు వైన్ అవుతుంది?

ద్రాక్షకాయ మీద తెల్లటి పొడిలాంటి పూత చూసే ఉంటారు. ఆ తొక్క మీద కంటికి కనబడని ఈస్ట్ జీవులు కూడా ఉంటాయి. కాయ చితికి రసం బయటికి రాగానే అవి చక్కెరను తిని ఆల్కహాల్‌గా, గ్యాసుగా మారుస్తాయి. మీరు ఈస్ట్ వేయకపోయినా పులుపు మొదలవుతుంది. కల్లు ముంతలో జరిగేది కూడా ఇదే. పొద్దున్నే దించిన తియ్యటి నీరా మధ్యాహ్నానికి కల్లు అవుతోంది కదా.

లెక్క ఇలా ఉంటుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్ తయారవుతుంది. బాగా పండిన ద్రాక్ష రసంలో లీటరుకు 160 నుంచి 200 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఆహార భద్రత నిబంధనల ప్రకారం 0.5 శాతం కన్నా ఎక్కువ ఆల్కహాల్ ఉంటే అది మద్య పానీయం. అంటే లీటరుకు ఎనిమిది తొమ్మిది గ్రాములు, చెప్పాలంటే రెండు చెంచాల చక్కెర పులిస్తే చాలు, గీత దాటినట్టే. మన ఎండకు, ఉక్కకు కాయ చితక్కొట్టి మూతపెట్టి మర్చిపోతే ఒకటి రెండు రోజుల్లోనే బుడగలు వస్తాయి. బుడగలు కనబడ్డాయంటే పని మొదలైపోయినట్టే. అలాంటి రసాన్ని బిగువుగా మూతపెట్టిన గాజు సీసాలో పోస్తే గ్యాసుకు సీసా పగిలి ఎవరికైనా గుచ్చుకోవచ్చు కూడా.

కాబట్టి రసం వ్యాపారంలో అసలు విద్య అంతా పులియకుండా ఆపడంలోనే ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు చేసింది ఇదే. ఆయన మెథడిస్టు. చర్చిలో ప్రభు భోజనానికి మద్యం కాని ద్రాక్షరసం కావాలనుకున్నాడు. రసాన్ని సీసాల్లో పోసి, ఆ సీసాలను వేడినీళ్లలో ఉంచి ఈస్ట్‌ను చంపాడు. ద్రాక్షరసం వ్యాపారమంతా ఆ ప్రయోగం నుంచి పెరిగిందే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రాంతంలో ఊరూరా చర్చి ఉంది. చాలా సంఘాల్లో ప్రభు భోజనానికి పులియని ద్రాక్షరసమే వాడతారు, ఎవరో ఒకరి ఇంట్లో ఎండుద్రాక్షో నల్లద్రాక్షో నానబెట్టి ఉడికించి తెస్తారు. శుభ్రంగా సీసాలో పోసి లేబుల్ అంటించి ఇస్తే కొనేవాళ్లు మీ వీధిలోనే ఉన్నారు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి అడిగేవాళ్లు ఇంకా ఎక్కువ.

■ మన నేలలో ద్రాక్ష పండుతుందా?

ఎకరాల్లో వేద్దామనుకునే రైతుకు నా సమాధానం: వద్దు. ద్రాక్ష మనకు కొత్త పంటేమీ కాదు. అనాబ్‌-ఎ-షాహీ రకాన్ని 1890లో హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ ప్రవేశపెట్టారని చెబుతారు. తర్వాత ఆ నగరం చుట్టుపక్కల అది గొప్పగా పండింది, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఉంది. కానీ అది మెరక నేల, పొడిగాలి. అత్తిలి చుట్టూ నల్లరేగడి, కాలువ నీరు, పక్కన చేపల చెరువు, నాలుగడుగులు తవ్వితే ఊట. ద్రాక్ష వేరుకు నిల్వనీరు అస్సలు పడదు.

రెండో ఇబ్బంది వాన. దక్షిణాదిలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరు కత్తిరింపు తర్వాత లేత చిగురు, పూత వచ్చే సమయానికే మనకు తుపాన్లు. ఆ తేమకు బూజు తెగులు పట్టి గుత్తికి గుత్తి మాడిపోతుంది. నాసిక్ రైతుకు అప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది. మనకు వాయుగుండం వార్తలు ఉంటాయి.

పెరట్లో ఒకటి రెండు తీగలు మాత్రం వేసుకోవచ్చు, సరదాగానూ ఉంటుంది. అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ పోసి, అందులో ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, దిబ్బ మీద నాటండి. నీరు చుట్టూ నిలవకుండా పారిపోవాలి. బెంగళూరు బ్లూ రకం, అంటే గింజలున్న నల్లద్రాక్ష, మిగతావాటికన్నా తేమను, తెగుళ్లను కాస్త తట్టుకుంటుంది, రసానికి కూడా అదే మంచిది. గింజలేని పచ్చద్రాక్ష జోలికి ఇక్కడ వెళ్లొద్దు. పందిరి తల తగలనంత ఎత్తులో, ఆరున్నర ఏడు అడుగుల్లో వేయండి. ఒకే మొదలు పైకి పాకనిచ్చి పందిరి మీద నాలుగు వైపులా కొమ్మలు మళ్లించాలి. మొదటి కాపుకు దాదాపు రెండేళ్లు ఓపిక పట్టాలి. చాలామంది తీగను కత్తిరించడానికి మనసొప్పక వదిలేస్తారు. ఆకు విరగబడి కాస్తుంది, కాయ ఉండదు. ద్రాక్షలో గుత్తి వచ్చేది కత్తిరించాక పుట్టే కొత్త చిగురు మీదే.

కత్తిరింపు కాగానే బోర్డో మిశ్రమం కొట్టండి. లీటరు నీటికి 10 గ్రాముల మైలతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండూ విడివిడిగా సగం సగం నీళ్లలో కరిగించి ప్లాస్టిక్ బకెట్లో కలపాలి, ఇనుప పాత్ర పనికిరాదు. ఒక చాకు ముంచి చూడండి. దాని మీద ఎర్రగా రాగి పూత పడితే ఇంకొంచెం సున్నం కలపాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

ఒకటి రెండు తీగల కాయతో వ్యాపారం నడవదు. అమ్మకానికి చేసే రసానికి కాయ తాడేపల్లిగూడెం, తణుకు, ఏలూరు పండ్ల మార్కెట్లలో కొనుక్కోవాల్సిందే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ ఎక్కువగా వస్తుంది. జూన్‌లో నేరేడు వస్తుంది, కింద చెప్పిన పద్ధతి దానికీ పనికొస్తుంది. నన్నడిగితే మన వైపు సంఘాలకు ద్రాక్ష ఒక్కటే పెట్టుకోవడం కన్నా ద్రాక్ష, నేరేడు, మామిడి వంతులవారీగా చేయడమే నయం. ఏడాదిలో మూడు నెలలే పొయ్యి వెలిగితే బ్యాంకు వాయిదా ఎలా కడతారు?

■ రసం, స్క్వాష్ చేసే పద్ధతి

బాగా పండిన నల్లద్రాక్ష తీసుకుని, కుళ్లినవి, చితికినవి ఏరేయండి. రెండు మూడు నీళ్లలో కడిగి కాడలు తీసేయాలి, కాడ ఉంటే వగరు దిగుతుంది. చేత్తో నలిపి స్టీలు గిన్నెలో 60 నుంచి 65 డిగ్రీల వేడి మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. మరగనివ్వొద్దు. తొక్కలోని రంగంతా రసంలోకి దిగుతుంది. మూడు నాలుగు వందలు పెట్టి థర్మామీటర్ కొనుక్కోండి. 'చెయ్యి కాలేంత' లాంటి లెక్కలు ఈ పనిలో పనికిరావు.

పలచటి నూలుగుడ్డలో వడగట్టి, ఆ రసాన్ని ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచాలి. పొద్దునకి అడుగున ఇసుకలాంటి మడ్డి పేరుకుంటుంది. చెడిపోయిందని కంగారుపడకండి. ద్రాక్షలో సహజంగా ఉండే ఉప్పు అది. పైతేట మాత్రం వంచుకోండి.

ఉత్త రసమైతే: వేడినీళ్లలో మరిగించిన సీసాల్లో, మెడ దగ్గర కొంచెం ఖాళీ ఉంచి పోయండి. పెద్ద గిన్నె అడుగున గుడ్డ వేసి సీసాలు నిలబెట్టి, 80 నుంచి 85 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, బయటికి తీయగానే మూతలు బిగించండి. నెమ్మదిగా చల్లారనివ్వాలి. చన్నీళ్లు పోస్తే గాజు చిట్లుతుంది.

స్క్వాష్ అయితే: లీటరు రసానికి 1.3 కిలోల పంచదార, లీటరు నీళ్లు, 25 గ్రాముల నిమ్మ ఉప్పు. పంచదార, నిమ్మ ఉప్పు నీళ్లలో కాచి వడగట్టి, చల్లారాక రసం కలపాలి. నిబంధన ప్రకారం స్క్వాష్‌లో పండ్ల రసం 25 శాతం, కరిగిన ఘనపదార్థం 40 శాతం తగ్గకూడదు. ఈ కొలత ఆ రెండూ దాటుతుంది. నిల్వకు సోడియం బెంజోయేట్ ఈ మొత్తానికి 2 గ్రాములు, అంతకు మించొద్దు. ముందు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి కలపండి. మామిడి, నిమ్మ స్క్వాష్‌లలో వాడే పొటాషియం మెటాబైసల్ఫైట్ ద్రాక్షలో వేస్తే ఆ ఊదారంగు వెలిసిపోతుంది.

మొదట ఫోన్ చేసిన సంఘం ఆ ఇరవై కిలోలతో ఇదే చేసింది. పన్నెండు లీటర్ల పైచిలుకు రసం దిగింది. సగం చర్చికి ఉత్త రసంగా, మిగతాది స్క్వాష్‌గా చేశారు. రెండు సీసాలు మాత్రం తొందరపడి వేడినీళ్లలో పెట్టకుండానే మూతపెట్టేశారట. నాలుగో రోజుకి ఒకటి మూత ఎగరగొట్టింది, రెండోదాన్ని భయపడి పెరట్లో పారబోశారు. "మీరు చెప్పిన గీత కళ్లారా చూశామండి" అన్నారు ఆ లీడరు.

ఇంకొక్క మాట. లేబుల్ మీద 'వైన్', 'హోమ్‌మేడ్ వైన్', 'ఆల్కహాల్ లేని వైన్' అని రాయొద్దు. లోపల ఉన్నది రసమే అయినా తప్పుడు లేబుల్ కింద, ఎక్సైజ్ తనిఖీ కింద మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. 'ద్రాక్ష రసం', 'ద్రాక్ష స్క్వాష్' అంతే.

■ డబ్బు సంగతి: ఏ పథకం?

ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం, చిన్నగా పీఎంఎఫ్‌ఎంఈ. 2020 జూన్ 29న మొదలైంది. అయిదేళ్ల పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. మీరు దరఖాస్తు చేసే నాటికి గడువు, నిధులు ఎలా ఉన్నాయో ముందు కనుక్కోండి.

సొంత యూనిట్ పెట్టేవాళ్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు. మీ చేతి డబ్బు కనీసం 10 శాతం. మిగతాది బ్యాంకు రుణం. 4 లక్షల యూనిట్ అనుకుందాం. మీరు 40 వేలు పెడతారు, బ్యాంకు 3 లక్షల 60 వేలు ఇస్తుంది. సబ్సిడీ 1 లక్షా 40 వేలు. అది మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరు మీద విడిగా ఉంటుంది. మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సరిగ్గా కడితే అప్పులో జమ అవుతుంది. అంటే అసలు కింద మీ మీద పడేది 2 లక్షల 20 వేలు. మధ్యలో యూనిట్ మూసేస్తే ఆ సబ్సిడీ పోయినట్టే. దీన్ని 'ఉచిత డబ్బు' అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పటికే ఆహార ఉత్పత్తులు చేస్తున్న పొదుపు సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల రూపాయల దాకా మూలధనం ఉంది. సరుకు కొనుక్కోవడానికి, చిన్న పనిముట్లకు. ఇది సంఘం సమాఖ్య ద్వారా వచ్చే అప్పు, తిరిగి కట్టాలి. సీసాలు, గ్యాసు, థర్మామీటర్, మూతలు బిగించే మిషను, ఇలా మొదలుపెట్టేవాళ్లకు నా లెక్కలో పెద్ద రుణం కన్నా ఇదే మేలు. ఒక సీజను చేసి చూశాక బ్యాంకుకు వెళ్లొచ్చు.

దరఖాస్తు రాయడానికి, ప్రాజెక్టు రిపోర్టుకు జిల్లా రిసోర్స్ పర్సన్ (డీఆర్‌పీ) సాయం చేస్తారు. వాళ్లకు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. మీరు ఎవరికీ, ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, యూనిట్ పెట్టే చోటు కాగితం లేదా అద్దె ఒప్పందం, మిషన్ల కొటేషన్లు దగ్గర పెట్టుకోండి. 18 ఏళ్లు నిండాలి, కుటుంబంలో ఒకరికే.

ఖాదీ కమిషన్ నడిపే పీఎంఈజీపీ పథకం గురించి కూడా అడిగారు. రసం యూనిట్‌కు అదీ ఒక దారే. దాని నిషేధిత జాబితాలో మత్తు పదార్థాల తయారీ, అమ్మకం, చివరికి అమ్మడానికి కల్లు గీయడం కూడా రాసి ఉన్నాయి. ఆ జాబితా చదివితే వైన్‌కు రుణం ఎందుకు రాదో మీకే తెలుస్తుంది.

అమ్మకం మొదలుపెట్టే ముందు ఆహార భద్రత నమోదు తప్పనిసరి. ఏడాది అమ్మకం 12 లక్షల లోపైతే లైసెన్సు అక్కర్లేదు, నమోదు చాలు, ఏడాదికి రుసుము 100 రూపాయలు. ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. దాంతోపాటు పేరు, ఏమేం కలిపారో, పరిమాణం, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో, చిరునామా, పచ్చచుక్క ఉండాలి. ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్లు దొంగవి.

తీగ, తెగుళ్ల గురించి సందేహముంటే మీ రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులను అడగండి. రసం తయారీ చేత్తో చేసి చూడాలంటే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం మనకు గూడెం దాటితే వచ్చేవే. శిక్షణ ఎప్పుడుందో ఫోన్ చేసి కనుక్కుని, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. పథకం దరఖాస్తుకు సచివాలయంలో అడిగితే డీఆర్‌పీ పేరు చెబుతారు, భీమవరంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ చెబుతారు. కాయ కొనడానికి ముందే ఒకసారి అడగండి, కొన్నాక కాదు.